తేనె తల్లికి పెట్టండి

ఈ పూట మాట కొత్తగా అమ్మమ్మ అయినవాళ్ళ గురించి. నానమ్మలూ వినొచ్చు. తాతయ్యలు పేపరు కాసేపు మడిచి పక్కన పెడితే, వాళ్ళకూ ఇందులో పనుంది.

ఒక ఇల్లు ఊహించుకోండి. తణుకు పక్కన ఒక పల్లె. డాబా ఇల్లు. ముందు వేపచెట్టు, పెరట్లో బీరపాదు. ఆ ఇంటావిడకు యాభై దాటాయి. కూతురు హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. ఏడో నెలలో సీమంతం చేసి పుట్టింటికి తెచ్చుకున్నారు. టౌను ఆసుపత్రిలో కాన్పయింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా ఇద్దరూ క్షేమం. మూడో రోజు కారు దిగారు. గుమ్మంలో ఎర్రనీళ్ళతో దిష్టి తీశారు. పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు, కారు తోలిన కుర్రాడు, అందరూ తొంగి చూశారు. పాప ముక్కు ఎవరిదన్న విషయం మీద అప్పుడే రెండు పార్టీలయ్యాయి.

లోపల ఇంకొకావిడ కాచుకుని కూర్చుంది. ఆవిడ ఇంటావిడకు అత్తగారు. పాపకు తాతమ్మ. చేతిలో చిన్న వెండిగిన్నె. గిన్నెలో తేనె. వేలికి బంగారు ఉంగరం. ఆ ఉంగరం తేనెలో ముంచి పాప నాలుక మీద రాయాలి. అలా రాస్తే తెలివీ, తీయని మాటా వస్తాయని ఆవిడ నమ్మకం. ఇది ఆవిడ సొంతంగా కల్పించిన ఆచారమేమీ కాదు. పుట్టిన బిడ్డకు చేసే జాతకర్మలో తేనె, నెయ్యి బంగారంతో నాకించడం పాత విధే.

కానీ ఆసుపత్రిలో నర్సమ్మ ఇంకో మాట చెప్పి పంపింది. ఆరు నెలలు తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దు. తేనె వద్దు, నీళ్ళు వద్దు, పంచదార నీళ్ళు అసలే వద్దు. కొత్త అమ్మమ్మ ఆ మాట విన్నది. ఇప్పుడు ఎదురుగా అత్తగారు, గిన్నెతో.

"ఏవమ్మాయ్, అలా నిలబడిపోయావు? నీ మొగుడికి నాకించింది ఈ గిన్నెతోనే. వాడేం బాగా లేడా?"

"బాగానే ఉన్నారు అత్తయ్యగారూ. ఆ చేత్తో మీ మనవరాలికి పెట్టండి. పాప తాగేది దాని పాలేగా."

పెద్దావిడ కోడలి మొహం చూసింది. మనవరాలి మొహం చూసింది. ఆసుపత్రి నుంచి వచ్చిన ఆ పిల్లకు రెండు రాత్రుల నిద్ర లేదు. ఉంగరం మెల్లిగా బాలింత నోటి దగ్గరికి వెళ్ళింది.

శ్రోతలారా, ఈ ప్రసంగంలో చెప్పేది ఆ ఒక్క సంగతే. పాపకు పెట్టాలనిపించిందల్లా పాప తల్లికి పెట్టండి. మళ్ళీ చెప్తాను. పాపకు పెట్టాలనిపించిందల్లా తల్లికి పెట్టండి. పెరట్లో బీరపాదు చూడండి. పిందె ముద్దుగా ఉందని ఎవరూ పిందె మీద నీళ్ళు పోయరు. మొదలు దగ్గర పోస్తారు.

ముందు ఆ తేనె సంగతి తేల్చుకుందాం. తేనెలో ఒక్కోసారి ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి. పెద్దవాళ్ళ పేగుల్లో అవి ఏమీ చేయలేవు. ఏడాది లోపు పసిపిల్లల పేగుల్లో మాత్రం మొలకెత్తి విషం తయారు చేయగలవు. ఆ విషం కండరాలను చచ్చుబడేలా చేస్తుంది. బిడ్డ పాలు పీల్చలేదు. ఏడుపు సన్నబడుతుంది. మెడ నిలవదు. ఈ జబ్బు చాలా అరుదు. కానీ వస్తే ప్రాణం మీదికి వస్తుంది. పసిపిల్లల్లో ఇలాంటి జబ్బు ఉందని వైద్యులు మొదటిసారి గుర్తించింది 1976లో, అమెరికాలోని కాలిఫోర్నియాలో. అంటే మన తాతమ్మ తన పిల్లలకు తేనె నాకించిన రోజుల్లో పెద్ద పెద్ద డాక్టర్లకే ఈ సంగతి తెలియదు. అలాంటప్పుడు ఆవిడను తప్పు పట్టడం ఏం న్యాయం? తల్లి తేనె తింటే ఆ బీజాలు పాలలోకి రావు. కాబట్టి తేనె తల్లికి. పాపకు ఏడాది నిండాక.

తరవాత నీళ్ళు. ఇక్కడ మన అమ్మమ్మలకు నిజంగానే మనసొప్పదు. వేసవికాలం. బయట నిప్పులు కురుస్తున్నాయి. పసిదాని పెదవులు ఎండినట్టుంటాయి. "ఒక్క ఉగ్గిన్నెడు కాచి చల్లార్చిన నీళ్ళు పడితే ఏమవుతుంది?" అంటారు. ఏమవుతుందంటే, ఆ చిన్న పొట్టలో నీళ్ళు చేరితే పాలకు చోటు తగ్గుతుంది. పాప తక్కువ తాగుతుంది. పాప తక్కువ తాగితే తల్లికి పాలు తక్కువ పడతాయి. నీళ్ళు శుభ్రంగా లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. అసలు విషయం, తల్లిపాలలో దాదాపు 88 శాతం నీళ్ళే. మే నెలలో కూడా పాపకు ఆ పాలే దాహం తీరుస్తాయి. మరి ఆ ఉగ్గిన్నెడు నీళ్ళు ఎవరికి? తల్లికి. ఉగ్గిన్నెడు కాదు, చెంబుడు. పాప పాలకు నోరు తెరిచిన ప్రతిసారీ తల్లి పక్కన గ్లాసుడు మంచినీళ్ళు ఉండాలి. ఆ గ్లాసు పెట్టడం తాతయ్య పని. పేపరు పక్కన పెట్టమన్నది ఇందుకే.

గుడి తీర్థమూ అంతే. పూజారిగారు ఇచ్చిన తీర్థం తల్లి అరచేతిలో పోయండి. తడి వేలు పాప నుదుటికి తాకించండి. దేవుడికి లెక్క తెలుసు.

కాన్పు అయిన గంటలోపే బిడ్డకు పాలు పట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఆ మొదటి పాలు చిక్కగా, పసుపు రంగులో ఉంటాయి. ముర్రుపాలు. అవి ఎక్కువ రావు. చెంచాల లెక్కనే వస్తాయి. అది చూసి "పాలు పడలేదు" అని కంగారు పడేది ఎక్కువగా అమ్మమ్మలే. పసిదాని పొట్టకు మొదటి రోజు ఆ చెంచాలే చాలు. జబ్బుల్ని ఎదుర్కొనే శక్తి అందులో నిండుగా ఉంటుంది. పితికి పారబోసే రోజులు పోయాయనుకుంటాం. అన్ని ఇళ్ళలోనూ పోలేదు. ఆవు ఈనితే జున్ను కోసం గిన్నె పట్టుకుని పరిగెత్తే మనం, మన బిడ్డకు వచ్చే ముర్రుపాలు పారబోయడమేమిటి?

పాలు చాలుతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? గుడ్డలు లెక్కపెట్టండి. అయిదో రోజు దాటాక, రోజు మొత్తంలో ఆరుసార్లో అంతకన్నా ఎక్కువో ఉచ్చ పోస్తే పాలు అందుతున్నట్టే. మొదటి రోజుల్లో బరువు కాస్త తగ్గడం మామూలే. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు రావాలి. పాప ఏడ్చినప్పుడల్లా అది ఆకలేనని అనుకోవద్దు. తడిసి ఏడుస్తుంది. ఉక్కపోసి ఏడుస్తుంది. ఊరికే ఎత్తుకోమని కూడా ఏడుస్తుంది. ఆ చివరి ఏడుపు అమ్మమ్మ కోసమే.

ఇప్పుడు అసలైన చోటికి వద్దాం. బాలింత కంచం.

మన ఇళ్ళలో బాలింత పథ్యం అంటే రెండు భాగాలు. ఒకటి పెట్టేవి. రెండోది పెట్టనివి. పెట్టేవాటిలో మనవాళ్ళు ఎంత తెలివైనవాళ్ళో! పాతబియ్యం అన్నంలో శొంఠిపొడి, నెయ్యి. వెల్లుల్లి కారం. లేత బీరకాయ, పొట్లకాయ. మునగాకు వేపుడు. నువ్వులు, బెల్లం. పాలు. కాయం ముద్ద. సముద్రం ఒడ్డున ఊళ్ళలో అయితే సొరచేప పిట్టు. ఇవన్నీ చక్కగా పెట్టండి. వీటితో పేచీ లేదు.

పేచీ రెండో భాగంతో. పప్పు తింటే కుట్లు చీము పడతాయంటారు. పెరుగు తింటే పాపకు జలుబు అంటారు. నీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట లోపలికి పోదంటారు. పండ్లు వాతం అంటారు. ఆకుకూర తింటే పాపకు విరేచనం అంటారు. చివరికి ఆ పిల్ల ముందు మిగిలేది ఇంత అన్నం, ఇంత కారం. చీము పట్టించేవి క్రిములు. పప్పు కాదు. పప్పులో ఉండే మాంసకృత్తులు గాయం మానడానికే పనికొస్తాయి. కుట్టు దగ్గర శుభ్రంగా, పొడిగా ఉంచండి. పప్పు కంచంలోనే ఉంచండి.

లెక్క చెప్తే నమ్మకం కుదురుతుందేమో. హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చిన సంస్థ. భారతీయులు ఏం తినాలో, ఎంత తినాలో లెక్కగట్టేది వాళ్ళే. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు, మామూలుగా తినేదానికి తోడు రోజుకు ఇంకో 600 కేలరీలు కావాలని వాళ్ళ లెక్క. అంటే ఇంచుమించు ఒక పూట మంచి భోజనం అదనం. గర్భంతో ఉన్నప్పుడు కావలసిన అదనం కన్నా ఇది ఎక్కువ. మనం ఏం చేస్తాం? కడుపుతో ఉన్నప్పుడు "ఇద్దరి కోసం తిను" అని కొసరి కొసరి పెడతాం. కాన్పు కాగానే పథ్యం పేరుతో కంచం సగం చేస్తాం. లెక్క తలకిందులు.

అందుకే మన తణుకు పక్క అమ్మమ్మ ఒక పని చేసింది. అత్తగారి శొంఠిపొడి అలాగే ఉంచింది. దాని పక్కన గరిటెడు ముద్దపప్పు చేర్చింది. సాయంత్రం నాలుగింటికి నువ్వుల ఉండ, పాలు. రాత్రి రెండింటి పాలకు లేచే కూతురి కోసం మంచం పక్కన డబ్బాలో వేయించిన సెనగలు, బెల్లం ముక్క. పెద్దావిడ పప్పు చూసి మొదట మొహం ముడిచింది. కుట్లు ఏ గొడవా లేకుండా మానాయి. తరవాత పప్పులో నెయ్యి సరిపోలేదని సణగడం మొదలుపెట్టింది. అంటే ఒప్పుకున్నట్టే.

ఇంకో మాట. కాన్పు తరవాత 180 రోజులు ఇనుము మాత్రలు వేసుకోవాలని ప్రభుత్వ కార్యక్రమంలో ఉంది. కాల్షియం మాత్రలూ అంతే. సర్కారు ఆసుపత్రిలో ఇవి ఉచితం. రెండూ ఒకేసారి మింగకూడదు. ఒకదాని పని ఇంకోటి చెడగొడుతుంది. ఇనుము ఒక పూట, కాల్షియం ఇంకో పూట. మాత్ర వేసుకుందా లేదా అని అడిగేవాళ్ళు ఇంట్లో ఒకరుండాలి. రోజూ టీవీ సీరియల్ ఏ గంటకో గుర్తుండే అమ్మమ్మకు ఇది పెద్ద పని కాదు.

తిండి అయింది. ఇక నిద్ర.

కొత్తగా పుట్టిన బిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలు తాగుతుంది. అందులో రాత్రివే మూడో నాలుగో. పగలు చూడ్డానికి వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళకు కాఫీలు. వాళ్ళు కూర్చున్నంతసేపూ బాలింత నవ్వుతూ కూర్చోవాలి. ఆ పిల్ల ఎప్పుడు పడుకుంటుంది? ఇక్కడ అమ్మమ్మ ఒడి అవసరం. పాప పాలు తాగగానే తల్లి చేతుల్లోంచి తీసుకోండి. భుజాన వేసుకుని వీపు నిమిరి త్రేన్పు తీయించండి. తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చేయండి. మళ్ళీ ఆకలయ్యేదాకా పాప మీది. నిద్ర తల్లిది. పాపకు నిద్ర పట్టించాలని రాగాలు తీస్తాం. తల్లికి కూడా నిద్ర పట్టిస్తున్నామా? వచ్చిన చుట్టాలకు పాపను మీరే చూపించండి. "అమ్మాయి పడుకుంది" అని చెప్పడానికి మొహమాటపడకండి. నొచ్చుకునేవాళ్ళు కాసేపు నొచ్చుకుంటారు.

తిండి, నిద్ర అంటే అర్థమవుతుంది. మూడోది చాలామందికి కనబడదు. మనసు. కాన్పయిన మూడో రోజుకో, నాలుగో రోజుకో కొందరు తల్లులకు ఊరికే ఏడుపొస్తుంది. పాప బాగుంది, ఇల్లు బాగుంది, మొగుడు రోజుకు నాలుగుసార్లు ఫోను చేస్తున్నాడు. అయినా కళ్ళలో నీళ్ళు. "మహాలక్ష్మి పుట్టింది, ఏడుస్తావేమిటే" అని కసురుకుంటారు. కసరకండి. ఒంట్లో జరిగే పెద్ద మార్పుల వల్ల, నిద్ర లేకపోవడం వల్ల ఇలా అవుతుంది. మామూలుగా రెండు వారాల్లో సర్దుకుంటుంది. పక్కన కూర్చోండి. తల దువ్వండి. మీ కాన్పు కబుర్లు చెప్పండి. మీరూ ఏడ్చే ఉంటారు, ఎవరికీ చెప్పి ఉండరు.

రెండు వారాలు దాటినా ఆ దిగులు వదలకపోతే, తిండి సహించకపోతే, పాపను ముట్టుకోబుద్ధి కాకపోతే, చచ్చిపోవాలనిపిస్తోందని అంటే, దాన్ని గాలి సోకిందని తాయెత్తుతో సరిపెట్టొద్దు. అది జబ్బు. మందు ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్ళండి. టెలీ మానస్ అని ప్రభుత్వ ఫోను సేవ ఉంది. నంబరు 14416. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. తెలుగులో మాట్లాడొచ్చు. డబ్బులు కట్టనక్కరలేదు.

తల్లిని చూసుకుంటే బిడ్డ బాగుంటుందనేది మన పెరటి మాటేనా అంటే, కాదు. ఆఫ్రికాలో గాంబియా అని చిన్న దేశం. అక్కడి పల్లెల్లో 1950 నుంచి 1974 వరకు పుట్టిన పిల్లల బరువులు, బతికినవాళ్ళ లెక్కలు జాగ్రత్తగా రాసిపెట్టారు. ఆ లెక్కల్ని ఇంగ్లండు పరిశోధకులు తిరగేసి 2000లో ఒక విషయం ప్రకటించారు. అమ్మమ్మ బతికి ఉన్న పిల్లలు ఎక్కువమంది బతికారు. బాగా పెరిగారు. అక్కడే ఇంకోటి కూడా తేలింది. నానమ్మ ఉండటం వల్ల అంత తేడా కనబడలేదు. నానమ్మలు రేడియో కట్టేయకండి. అది గాంబియా లెక్క. మన జిల్లాలది కాదు.

టాంజానియాలో హాడ్జా అనే వేట జాతివాళ్ళున్నారు. వాళ్ళ ముసలమ్మలు గట్టి నేల తవ్వి దుంపలు తీస్తారు. కూతురికి కొత్త బిడ్డ పుట్టి చంకలో ఉన్నప్పుడు, పాలు మానిన పెద్ద పిల్లలకు తిండి పెట్టేది ఆ దుంపలే. క్రిస్టెన్ హాక్స్ అనే మానవశాస్త్రవేత్త, ఆమె తోటివాళ్ళు అక్కడే ఉండి చూశారు. మనుషుల్లో ఆడవాళ్ళు పిల్లల్ని కనే వయసు దాటాక కూడా ఇన్నేళ్ళు బతకడానికి ఇదొక కారణం కావచ్చని వాళ్ళ వాదన. మన దగ్గర గునపం బదులు గరిటె. తేడా అంతే.

ఇప్పుడు భక్తి మాట. కొత్త అమ్మమ్మకు పెద్ద ఇబ్బంది ఇక్కడే వస్తుంది. రోజూ తెల్లవారుజామున లేచి దీపం పెట్టి, విష్ణు సహస్రనామం చదువుకునే మనిషి. పురుడు రోజుల్లో దీపం లేదు, పూజ లేదు. పదకొండో రోజు ఇల్లు శుద్ధి అయ్యాక కూడా కుదరదు. సరిగ్గా సహస్రనామం మొదలుపెట్టేసరికి పాప లేస్తుంది. చాలామంది దీనికి దిగులు పడతారు. నిత్య పూజ తప్పుతోందే అని. మన అమ్మమ్మ పుస్తకం మూసేసి ఉయ్యాల పక్కన కూర్చుంది. నామాలు నోటికి వచ్చు. ఉయ్యాల ఊపుతూ చదవడం మొదలుపెట్టింది. సగంలో పాప నిద్రపోయింది. ఈవిడా నిద్రపోయింది. ఏకాదశికి గుళ్ళో పారాయణానికి రాలేదేమని స్నేహితురాళ్ళు అడిగారు. ఇంట్లోనే అయిందని చెప్పింది.

అన్నమయ్య అంతటివాడు దేవుణ్ణి పసివాణ్ణి చేసి లాలి పాడాడు. మన రామలాలులు, కృష్ణలాలులు అన్నీ ఆ దారివే. క్రైస్తవ ఇళ్ళలో అమ్మమ్మలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడుకుంటూ జోకొడతారు. ముస్లిం ఇళ్ళలో పుట్టిన బిడ్డ చెవిలో అజాన్ వినిపిస్తారు, ఏడో రోజున అకీకా చేస్తారు. పాప చెవిలో పడేది ఏదైనా మంచిదే. జాగ్రత్త పడవలసింది నోట్లో పడేదాని గురించి. ఖర్జూరం నమిలి అంగిలికి రాసే అలవాటు ఉన్న ఇళ్ళలో కూడా ముందు డాక్టరుతో ఒక మాట మాట్లాడండి.

మన తణుకు పక్క ఇంట్లో బారసాల ఇరవై ఒకటో రోజున. పళ్ళెంలో బియ్యం పోసి పేరు రాశారు. ఉయ్యాలలో వేసి పాటలు పాడారు. సెనగలు పంచారు. బాలింత చేత బావిలో చేద వేయించాలి. ఆ ఇంట్లో బావి పూడ్చి పదేళ్ళయింది. పంచాయతీ కుళాయి తిప్పించి, పసుపు కుంకుమలు పెట్టించారు. ఆచారం నిలబడింది, ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. తాతమ్మ అందరికన్నా ఎక్కువ నవ్వింది.

బావి బదులు కుళాయికి ఒప్పుకున్న ఇల్లు, అన్నప్రాసన నెల మార్చడానికి కూడా ఒప్పుకోగలదు. చూడండి, మగపిల్లాడికి ఆరో నెలలో, ఆడపిల్లకు అయిదో నెలలో అన్నం ముట్టించడం చాలా ఇళ్ళ పద్ధతి. డాక్టర్లు చెప్పేది ఆరు నెలలు నిండాక. మరి ఆడపిల్ల సంగతేమిటి? ఆడపిల్లకు బేసి నెల కావాలి. ఏడు కూడా బేసే. ఏడో నెలలో పెట్టుకుంటే శాస్త్రమూ నిలుస్తుంది, పాపకు ఆరు నెలలూ నిండుతాయి. ఏ పురోహితుడినడిగినా ముహూర్తం తీస్తాడు.

పుట్టువెంట్రుకల మొక్కుకూ తొందరేమీ లేదు. కొండ మీది దేవుడు కదిలిపోడు. పాపకు ఆరు, పది, పద్నాలుగు వారాలకు టీకాలున్నాయి. ముందు అవి.

ఇన్ని జాగ్రత్తలేనా, సరదా ఏమీ లేదా అంటారేమో. సరదా అంతా అమ్మమ్మదే. బొడ్డు ఊడాక నీళ్ళు పోసే రోజులొస్తాయి. పీట మీద కూర్చుని కాళ్ళు చాపుకుని, ఆ కాళ్ళ మీద పాపను పడుకోబెట్టుకుని గోరువెచ్చని నువ్వుల నూనె మెల్లిగా రాస్తుంది. కాళ్ళూ చేతులూ సాగదీస్తుంది. ముక్కు నిలబెట్టడానికి నొక్కదు. చెవుల్లో, ముక్కులో నూనె చుక్కలు వేయదు. ముక్కు దాని నాన్న పోలికైతే నొక్కితే మారుతుందా? సాంబ్రాణి పొగ పాప మీదికి పట్టదు, ఆ లేత ఊపిరితిత్తులకు పొగ పనికిరాదు. కాటుక కంటికి పెట్టదు. అరికాలికి చుక్క పెడుతుంది. దిష్టికి అరికాలైనా ఒకటే.

స్నానమయ్యాక పాపను గుడ్డలో చుట్టి ఎత్తుకుంటే, ఆ చిన్న మొహానికీ ఈవిడ మొహానికీ మధ్య జానెడు దూరం. పుట్టిన కొత్తలో పిల్లలకు బాగా కనబడేది ఆ జానెడు, జానెడున్నర దూరమే. ఆ వయసులో దానికి ప్రపంచం అంటే ఎత్తుకున్నవాళ్ళ మొహం. ఆరో వారం వచ్చేసరికి పాప నవ్వుతుంది. నిద్రలో నవ్వు కాదు. చూసి నవ్వే నవ్వు. మన అమ్మమ్మకు ఆ నవ్వు ఒక ఉదయం కాఫీ వేళ దొరికింది. గట్టిగా కేక పెట్టింది. ఇంట్లో అందరూ ఏమయిందోనని పరిగెత్తుకొచ్చారు. అందరూ వచ్చేసరికి పాప నవ్వడం మానేసింది. ఎవరూ నమ్మలేదు. తాతయ్య మాత్రం ఆ రోజు పేపరు తెరవలేదు. ఉయ్యాల మీదికి వంగి ఎదురు చూస్తూ కూర్చున్నాడు.

తల్లికే పెట్టండి అన్న మాటకు కొన్ని మినహాయింపులున్నాయి. డాక్టరు పాపకే రాసిన చుక్కలు, మందులు పాపకే వేయాలి. కొందరు తల్లులకు నిజంగానే పాలు చాలవు. కొందరు జబ్బు వల్ల ఇవ్వలేరు. అప్పుడు డాక్టరు చెప్పినట్టు చేయండి. ఆ పిల్లను దెప్పకండి. దెప్పితే పాలు పెరగవు. కాన్పు ఆసుపత్రిలో అయితే ఆశా కార్యకర్త మూడో రోజు మొదలుకొని నలభై రెండో రోజు లోపల ఆరుసార్లు ఇంటికి రావాలి. వచ్చినప్పుడు గుమ్మంలోనే పంపేయకుండా కూర్చోబెట్టి అడగండి. పాప పాలు తాగడం మానేసినా, ఒళ్ళు చల్లబడినా, ఎగశ్వాస పట్టినా, అరచేతులూ అరికాళ్ళూ పచ్చబడినా, ఫిట్స్ వచ్చినా ఆగొద్దు. తల్లికి జ్వరం, ఎక్కువ రక్తస్రావం, భరించలేని తలనొప్పి, ఒక కాలు వాచడం, వీటిలో ఏది వచ్చినా ఆగొద్దు. 108కి ఫోను చేయండి.

మన అమ్మమ్మ ఇంట్లో పాపకు అయిదో నెల వచ్చింది. అల్లుడు వచ్చాడు. పంపక తప్పదు. సారె సర్దుతున్నారు. ఉయ్యాల, గిలక్కాయలు, పట్టు లంగా, మిఠాయిలు. అమ్మమ్మకు ఏడుపు ఆగడం లేదు. అయినా చేతులు పని చేస్తూనే ఉన్నాయి. సంచిలో పైన పాప టీకాల కార్డు పెట్టింది. కూతురి ఇనుము మాత్రలు, ఇంకా మిగిలినవి, పెట్టింది. శొంఠిపొడి సీసా పెట్టింది. తరవాత వియ్యపురాలికి ఫోను చేసింది.

"వదినగారూ, ఒక్క మాట. పాప రాత్రి రెండింటికి పాలకు లేస్తోంది. తాగాక మీరు కాసేపు భుజాన వేసుకుంటే, అమ్మాయి పడుకుంటుంది. ఆ, మంచం పక్కన సెనగల డబ్బా ఒకటి ఉంచండి."

"అలాగే వదినగారూ. మరి నేను తేనె తెప్పించి ఉంచాను, పాప మొదటిసారి మా ఇంటికి వస్తోంది కదా అని."

"మంచిపని చేశారు. మీ కోడలికి పెట్టండి."